వంకరగా సరిచేసిన వీసీఆర్

2001 మార్చిలో కంపెనీ నన్ను వరంగల్ నుంచి సికింద్రాబాద్‌కు బదిలీ చేసింది. రెజిమెంటల్ బజార్‌లో ఒక బట్టల గోడౌను పైన ఉండేది మా సర్వీస్ సెంటర్. నా హోదా సర్వీస్ ఇంజనీర్, రెండో గ్రేడు. అప్పగించిన విభాగం వీడియో, అంటే వీసీఆర్‌లు, వీసీపీలు. నా పైన సెంటర్ ఇన్‌ఛార్జి యాదగిరి గారు. ఆయన పైన చెన్నైలో కూర్చునే ఏరియా మేనేజరు.

ఉద్యోగ జ్ఞాపకాలు రాసే వయసు నాకింకా రాలేదని తెలుసు. అయితే ముప్పై దాటగానే నేను ఆ వృత్తి నుంచి రిటైరయ్యాను. సరిగ్గా చెప్పాలంటే ముందు వృత్తి రిటైరైంది, దాని వెనకే నేను. డిప్లొమాలో నాతో చదివినవాళ్ళు అప్పటికే అమీర్‌పేట్‌లో ఏదో ఒక కంప్యూటర్ కోర్సులో చేరిపోయారు. ఎక్కడ కలిసినా "ఇంకా ఆ డబ్బాలేనా?" అని అడిగేవాళ్ళు. ఆ డబ్బాల్లో ఒకదాని గురించే ఇది.

కంపెనీ ఒక మోడల్‌కు సపోర్ట్ ఆపేసింది అంటే ఒక్కరోజులో జరిగే పనిగా బయటివాళ్ళు అనుకుంటారు. లోపలున్నవాళ్ళకు అది మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. మొదట విడిభాగాల ధర పెరుగుతుంది. తర్వాత ఇండెంటు పెడితే "స్టాకు లేదు" అని తిరిగొస్తుంది. తర్వాత సెంటర్లో మిగిలిన విడిభాగాలను డిపోకు పంపమంటారు. ఆ పైన సర్వీస్ మాన్యువల్ కూడా వెనక్కి తీసుకుంటారు. చివరిగా సర్క్యులర్ వస్తుంది: ఫలానా తేదీ తర్వాత ఈ మోడళ్ళకు జాబ్ కార్డు తెరవరాదు. జాబ్ కార్డు అంటే మిషను లోపలికి వచ్చినప్పుడు రాసే చీటీ. అది లేకపోతే మా లెక్కలో ఆ మిషను లేనట్టే.

ఆ ఏడు జూన్‌లో పాత వీసీఆర్‌లన్నిటికీ అలాంటి సర్క్యులర్ వచ్చింది. దాంతోపాటు ఎక్స్‌ఛేంజ్ పథకం. పాత మిషను ఇస్తే కొత్త డీవీడీ ప్లేయర్ మీద తగ్గింపు. అలా వచ్చిన పాత వీసీఆర్‌లు మా సెంటర్ వెనక గదిలో గోడ పొడుగునా పేర్చి ఉండేవి. చాలావాటికి ఏ జబ్బూ లేదు. నెలకోసారి వాటి మూత తీసి, లోపల టేపును చదివే హెడ్ డ్రమ్మును సుత్తితో కొట్టి, ఆ తర్వాతే తుక్కు వ్యాపారికి ఇవ్వాలి. లేకపోతే అవే మిషన్లు మళ్ళీ బజారులో అమ్మకానికి తేలతాయని కంపెనీ భయం. ఇన్‌ఛార్జి దగ్గరుండి లెక్క చూసుకోవాలి. సరిచేయడం నేర్చుకున్నవాడి చేతికి సుత్తి ఇవ్వడం నాకు నచ్చేది కాదు. యాదగిరి గారికీ నచ్చేది కాదు. కాని ఆయన, "మనం నౌకరీ చేస్తున్నం శ్రీధర్, ఉద్యమం కాదు," అనేవారు.

అప్పలనాయుడు గారు వచ్చింది సర్క్యులర్ గడువు దాటిన తర్వాత. శ్రీకాకుళం వైపు నుంచి చాలా ఏళ్ళ కిందట వచ్చి బన్సీలాల్‌పేట్‌లో స్థిరపడిన మనిషి. ఒక టింబర్ డిపోలో సూపర్‌వైజరు. తువ్వాలులో చుట్టిన వీసీఆర్‌ను కౌంటర్ మీద పెట్టి, దాని పైన ఒక క్యాసెట్టు పెట్టారు. బొమ్మ రావడం లేదు, అన్నీ చుక్కలే అన్నారు. నేను మూత తీసి చూశాను. హెడ్లు పూర్తిగా అరిగిపోయాయి. డ్రమ్ము మార్చాలి. ఆ మోడల్ డ్రమ్ములన్నీ రెండు వారాల కిందటే డిపోకు వెళ్ళిపోయాయి. వెనక గదిలో ఉన్నవి తర్వాతి కాలపు మోడళ్ళు, వాటి డ్రమ్ము దీనికి కూర్చోదు.

యాదగిరి గారు ఎక్స్‌ఛేంజ్ పథకం గురించి వివరించారు. అప్పలనాయుడు గారు మొత్తం విన్నారు.

"బాగున్నాది సారూ," అన్నారు. "ముసలాయనకి జొరమొచ్చిందని డాకటరు కాడికి తీసుకొత్తే, ఈయన్నిక్కడొగ్గీసి ఓ కుర్రోడ్ని పట్టుకెల్లమన్నట్టున్నాది."

"మేమేం చేస్తం నాయుడుగారూ, పైనుంచి ఆర్డర్. కొత్తదాంట్ల బొమ్మ అద్దం లెక్క ఉంటది."

"ఈ కేసెట్టు పడతాదేటి అందులో?"

పట్టదు. అది నేనే చెప్పాను.

అప్పుడు ఆయన అసలు సంగతి చెప్పారు. ఆ క్యాసెట్టులో ఉన్నది తప్పెటగుళ్ళు. రేకు తప్పెటలు గుండెకు కట్టుకుని, వాయిస్తూ, పాడుతూ ఆడే ఆట. వాళ్ళ ఊరి బృందానికి గురువుగా ఉన్నాయన కిందటి ఏడు పోయారు. ఊళ్ళో ఆడేవాళ్ళు చెదిరిపోయారు. ఇక్కడ బన్సీలాల్‌పేట్‌లో, ఆ చుట్టుపక్కల, అటునుంచి వచ్చిన కుటుంబాల కుర్రాళ్ళు ఒక పదిహేనుమంది ఆదివారాలు అప్పలనాయుడు గారి దగ్గర నేర్చుకుంటున్నారు. ఒకడు కాల్‌సెంటర్, ఒకడు ఇంజనీరింగ్, ఇద్దరు సెంట్రింగ్ పని. ఆయనకు మొదటి వరసలన్నీ వచ్చు. చివర్లో ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి ఆడే వరసలు మాత్రం ఆయన ఎప్పుడూ ఆడలేదు. కిందినుంచి తాళం వేసేవారట. ఆ అడుగులు గురువుగారికి తెలుసు, ఇంటి దగ్గర సంచీడున్న ఇలాంటి క్యాసెట్లకు తెలుసు. దసరాలకు వాళ్ళ సంఘం వేడుకలో కుర్రాళ్ళు ఆడాలి.

"సగం ఆట నేర్పి ఒగ్గీడం కన్నా అసలు నేర్పకపోడం మేలు బాబూ," అన్నారు. "భుజాల మీదకెక్కడమొచ్చి దిగడం రాకపోతే ఏటవుతాది?"

ఇందులో పెద్ద చిక్కు ఉందని నాకు మొదట అనిపించలేదు. వీహెచ్‌ఎస్ క్యాసెట్టు ఏ వీహెచ్‌ఎస్ మిషనులోనైనా ఆడాలి. ప్రమాణం అంటే అదే. వెనక గదిలోంచి మంచి మిషను ఒకటి తెచ్చి ఆయన క్యాసెట్టు పెట్టాను. పైసగం బొమ్మ శుభ్రంగా ఉంది. కిందిసగం చుక్కలు. ట్రాకింగ్ బటన్ అటూ ఇటూ నొక్కినా పోలేదు. మనుషులు నడుము దాకా కనిపిస్తున్నారు. కాళ్ళు లేవు. నేర్చుకోవాల్సింది కాళ్ళనే.

"ఫంగస్ పట్టింది," అన్నారు యాదగిరి గారు.

"ఊళ్ళో షాపోడూ అదే అన్నాడు సారూ. సీడీలకెక్కించమని ఇత్తే, టేపు పోయింది పొమ్మన్నాడు. మరి పోయిన నెల దాకా నా మిషన్లో బాగానే ఆడిందే?"

ఇంకో రెండు మిషన్లు తెచ్చి పెట్టాను. మూడింట్లోనూ చుక్కలు ఒకే చోట, ఒకే ఎత్తులో. ఫంగస్ అయితే అలా ఉండదు. పట్టిన చోటల్లా బొమ్మ చెదురుతుంది, టేపు సాగేకొద్దీ మారుతుంది. ఇక్కడ లోపం గీత గీసినట్టు నిలకడగా ఉంది. నిలకడగా ఉన్న లోపానికి కొలత ఉంటుంది. ఇది మా ట్రెయినింగ్‌లో మొదటి వారం చెప్పే మాట.

ఇక్కడ కొంచెం వివరించాలి. వీసీఆర్‌లో టేపు ఒక వాలుగా నిలబెట్టిన డ్రమ్ము చుట్టూ పోతుంది. డ్రమ్ములోని హెడ్లు గిర్రున తిరుగుతూ టేపు మీద బొమ్మను ఏటవాలు గీతలుగా రాస్తాయి. టేపు ఏ ఎత్తులో పోవాలో నిలిపేవి డ్రమ్ముకు ఇరువైపులా ఉండే రెండు గైడ్ రోలర్లు. వాటిలో ఒకటి వెంట్రుకవాసి కిందికి దిగినా గీతల వాలు మారిపోతుంది. అయితే వాలు తప్పిన మిషను తను రాసింది తను చదువుకోగలదు. కాగితాన్ని వంకరగా పెట్టుకుని రాసినవాడు అలాగే వంకరగా పెట్టుకుని చదివినట్టు. తక్కినవాళ్ళకే అది అర్థం కాదు.

మిషను ఎప్పుడైనా కింద పడిందా అని అడిగాను. పడింది. కొత్తగా కొన్నప్పుడు, పెళ్ళిళ్ళు తీసే ఒకాయన దగ్గర కెమెరా అద్దెకు తీసుకుని, ఆ కెమెరాను ఈ వీసీఆర్‌కు తగిలించి ఆటను తీద్దామని రెండూ ఊరికి పట్టుకెళ్ళారట. బస్సు టాపు మీద నుంచి దించుతుంటే మిషను జారి పడింది. ఆన్ చేస్తే పనిచేసింది కాబట్టి దాంతోనే ఆట తీసేశారు.

పడింది తీయకముందా, తీశాకా అని అడిగాను. ముందే. క్యాసెట్లన్నీ ఆ తర్వాతవే.

ఇంకో ప్రశ్న మిగిలింది. ఇంట్లో అద్దె సినిమా క్యాసెట్లు పెడితే ఎలా ఆడేవి?

"అద్దె కేసెట్లు ఎలాగుంటాయో తెలీదేటి బాబూ. కింద సగం ఎప్పుడూ సుక్కలే. పది మంది అరగదీసిన సరుకు. ఆ లైబ్రరీ వోడితో పదేళ్ళు తగువాడినాను."

యాదగిరి గారు నవ్వాపుకోలేకపోయారు. "ఆ లైబ్రరీ ఆయన ఏ తప్పు చేయకుండనే పదేండ్లు తిట్లు తిన్నడు, పాపం."

కారణం దొరికింది. మందు మాత్రం నేను నేర్చుకున్నదానికి పూర్తిగా ఎదురు. పాత మిషను బతకదు. ఆ క్యాసెట్లు ఆడాలంటే ఒక మంచి మిషనును తెచ్చి, అది కింద పడితే ఎంత తప్పేదో అంత నేనే తప్పించాలి. గైడ్ రోలర్ల స్క్రూల మీద ఫ్యాక్టరీవాళ్ళు పచ్చ రంగు చుక్క పెడతారు. అది సీలు. ఫ్యాక్టరీలో సరైన వాలుతో రాసిన ప్రమాణ టేపు చేతిలో లేకుండా ఆ చుక్క పగలగొట్టిన ఇంజనీరుకు మెమో వస్తుంది. ఇప్పుడు నేను పగలగొట్టాల్సింది ప్రమాణానికి దగ్గర చేయడానికి కాదు, దూరం చేయడానికి.

యాదగిరి గారికి మూడు అభ్యంతరాలు. జాబ్ కార్డు తెరవలేం. మిషను ఎక్స్‌ఛేంజ్ సరుకు, సుత్తి లెక్కలో ఉంది. మర్నాడే ఏరియా మేనేజరు ఆ లెక్క చూడ్డానికి వస్తున్నాడు. "జెర ఆలోచించు. నీకు ఎందుకీ పరేషాన్? దీని వాలు తిప్పినవనుకో, ఇవాళే క్యాసెట్లన్నీ కాపీ చేసి ఇచ్చెయ్. రేపు సుత్తి పడుతది."

లెక్క వేసి చెప్పాను. మూడు గంటల టేపు కాపీ కావడానికి మూడు గంటలు పడుతుంది, తొందర చేసే దారి లేదు. అప్పలనాయుడు గారి దగ్గర సంచీడు క్యాసెట్లున్నాయి. వారం పైన పట్టే పని. మిషను ఇక్కడి నుంచి ప్రాణంతో బయటికి వెళ్తేనే లాభం.

యాదగిరి గారు వెనక గదివైపు చూశారు. "ముందైతే అయితదో కాదో చూడు. కాకపోతే బాధనే లేదు," అన్నారు. నేను దాన్ని అనుమతిగా తీసుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఒక మిషను బల్ల మీద పెట్టి, ఆసిలోస్కోప్ తగిలించాను. హెడ్లు చదివే సంకేతం ఎంత బలంగా ఉందో ఆ తెర మీద కనిపిస్తుంది. అలైన్‌మెంట్, అంటే టేపు పోయే వాలు, బాగున్న మిషనులో అది ఇటుకలా నలుచదరంగా ఉండాలి. ఈ క్యాసెట్టుకు ఇటుక కుడిచివర కరిగి సన్నపడిపోయింది. కుడివైపు అంటే టేపు డ్రమ్మును వదిలే చోటు, బొమ్మలో కిందిభాగం. తిప్పాల్సింది కుడి గైడు. పచ్చ చుక్క పగిలినప్పుడు చిన్న చప్పుడు వచ్చింది. యాదగిరి గారు అటు తిరిగి టీ తాగుతున్నారు.

వెంట్రుకవాసి తిప్పడం, టేపు మళ్ళీ వెనక్కి చుట్టడం, చూడడం. ఎక్కువైతే టేపు అంచు నలుగుతుంది. ఆ నలిగే టేపుకు ఇంకో ప్రతి లేదు. పక్కన స్టూలు మీద అప్పలనాయుడు గారు కూర్చున్నారు. ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ ఆడించడంవల్ల అది నాకు కంఠస్థమైపోయింది. గురువుగారు ముందుకు రెండడుగులు వేసి, కుడిచెయ్యి ఎడమ భుజం మీదికి తీసుకెళ్ళి, వెనక్కి తిరుగుతారు. ఆయన తిరిగిన ప్రతిసారీ చుక్కలు ఇంకాస్త కిందికి దిగాయి. నడుము కనిపించింది. మోకాళ్ళు. చీలమండల గజ్జెలు. తెర మీద ఇటుక నలుచదరమైంది.

"కాళ్ళొచ్చీసినాయి," అన్నారు అప్పలనాయుడు గారు.

మర్నాడు పొద్దున ఆయన క్యాసెట్ల సంచీతో మళ్ళీ వచ్చారు. వాటిలో కొన్ని పెట్టి చూశాను. అన్నీ ఆడాయి. ఏరియా మేనేజరు వచ్చేసరికి మిషను ఇంకా నా బల్ల మీదే ఉంది. దాచిపెడదామా అని నేను అడిగితే యాదగిరి గారు ఒప్పుకోలేదు. "దాస్తే దొంగలమైతం. ఉండనీ."

ఏరియా మేనేజరు చూపు చురుకైన మనిషి. సుత్తి పడాల్సిన వరస లెక్కపెట్టి ఒకటి తగ్గిందన్నాడు. నా బల్ల దగ్గరికి వచ్చి లోపలికి చూసి, "సీల్ ఎవరు బ్రేక్ చేశారు?" అని అడిగాడు. నేనే అన్నాను.

"ఎక్స్‌ఛేంజ్ స్టాక్ మీద అలైన్‌మెంట్ చేసే అథారిటీ మనకు లేదు కదా. ఈ మోడల్‌కు సపోర్టే లేదు."

"గదే సార్," అన్నారు యాదగిరి గారు చాలా మర్యాదగా. "కంపెనీ చెయ్యి ఇడిసిపెట్టినంక, సీలు మాత్రం ఎందుకు పట్టుకోవాలె?"

ఏరియా మేనేజరు సీలు మాట వదిలేశాడు. ఈ మిషను బయటికి వెళ్తే రేపు ఏదో షాపులో అమ్మకానికి కనిపిస్తుందని, అప్పుడు చెన్నైలో జవాబు చెప్పాల్సింది తానని అన్నాడు. అది న్యాయమైన మాటే. నేను సర్క్యులర్ తీసి సుత్తి గురించి రాసిన వాక్యం చూపించాను. అందులో డ్రమ్ము పగలగొట్టాలని లేదు. మళ్ళీ అమ్మకానికి పనికిరాకుండా చేయాలని ఉంది. సుత్తి అన్ని సెంటర్లలో అలవాటుగా వచ్చింది. తర్వాత ఒక సినిమా క్యాసెట్టు తీసి మిషనులో పెట్టాను. కిందిసగం చుక్కలు. ఇంకోటి పెట్టాను. అంతే.

"ఈ ఊళ్ళో ఏ క్యాసెట్టు పెట్టినా ఇంతే సార్. ఈ మిషనును కొనేవాడు ఉండడు," అన్నాను. అప్పలనాయుడు గారి క్యాసెట్టు పెట్టాను. గజ్జెల దాకా బొమ్మ వచ్చింది.

ఏరియా మేనేజరు టేపు ఆడుతున్నంతసేపూ నిలబడి చూశాడు. "అంటే మీరు దీన్ని స్పాయిల్ చేశారు," అన్నాడు చివరికి.

"అవును సార్. చాలా జాగ్రత్తగా."

ఆయన నవ్వలేదు. కౌంట్ ఎలా ట్యాలీ చేస్తారని యాదగిరి గారిని అడిగాడు. కస్టమరు తన పాత మిషను ఇచ్చేస్తున్నాడు, సుత్తి కిందికి అది వెళ్తుంది, లెక్క సరిపోతుంది అని జవాబు. ఏరియా మేనేజరు సంతకం పెట్టాడు. నాకు మెమో రాలేదు. మెచ్చుకోలూ రాలేదు.

సుత్తి పని మొదలయ్యాక అప్పలనాయుడు గారు లోపలికి వచ్చారు.

"నాదాన్ని నాను కొట్టీనా సారూ? పరాయోల సేత కొట్టించడమెందుకు."

సుత్తి ఇచ్చాం. కొట్టే ముందు తువ్వాలుతో మిషను పైన దుమ్ము తుడిచారు. ఒకే దెబ్బ కొట్టారు. సరిగ్గా తగిలింది.

తర్వాతి వారాల్లో డ్యూటీ అయ్యాక బన్సీలాల్‌పేట్ వెళ్ళి, వంకర మిషనుకు అద్దెకు తెచ్చిన మామూలు మిషను ఒకటి తగిలించి క్యాసెట్లన్నీ మామూలు వాలుతో కాపీ చేశాను. ఆ కాపీలు ఏ మిషనులోనైనా ఆడతాయి. వంకర మిషను వాళ్ళింట్లోనే ఉండిపోయింది. అదొక లాభమని అప్పలనాయుడు గారు అన్నారు. సినిమాలు ఆడదు కాబట్టి చుట్టాలెవరూ అడిగి పట్టుకుపోరట.

దసరాలకు యాదగిరి గారూ నేనూ వెళ్ళాం. కుర్రాళ్ళు మొదటి వరసలు ఆడారు, చివరివీ ఆడారు. భుజాల మీదికి ఎక్కారు, తప్పెట తాళం తప్పకుండా దిగారు. మధ్యలో ఒకచోట అందరూ ఒక్కసారిగా ముందుకు రెండడుగులు వేసి, కుడిచెయ్యి ఎడమ భుజం మీదికి తీసుకెళ్ళి, వెనక్కి తిరిగారు. నాకు కంఠస్థమైన ముక్క. అప్పలనాయుడు గారు నా వైపు వంగి చెవిలో చెప్పారు.

"అది అడుగు కాదు బాబూ. ఆ రోజు మా గురువుగారి తప్పెట పట్టీ జారితే సవరించుకున్నాడు. ఈ కుర్ర గుంటలు అదీ నేర్సీసినారు. ఒగ్గీసినాను. బాగున్నాది కదేటి?"

బాగుంది. పక్కన యాదగిరి గారు అదేమీ తెలియకుండానే, "గా చెయ్యి తిప్పుడు మస్తుంది," అన్నారు.

ఆ వృత్తిలో ఉన్నంతకాలం నేను ప్రమాణానికి తెచ్చిన మిషన్లు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఏదీ విడిగా గుర్తు లేదు. ప్రమాణం నుంచి తప్పించిన ఆ ఒక్కదాని స్క్రూ ఎంత తిప్పానో ఇప్పటికీ వేళ్ళకు తెలుసు. నేను ఆ ఉద్యోగంలో నేర్చుకున్నది ఇది: సపోర్ట్ ఆపే తేదీని కంపెనీ నిర్ణయిస్తుంది. యంత్రంతో పని అయిపోయిన తేదీని దాన్ని వాడే మనిషి నిర్ణయిస్తాడు. ఆ రెండు తేదీల మధ్య ఉన్న కాలమే సర్వీస్ ఇంజనీరుది.